కాలనీ లైబ్రరీ గోడకి పది మంది హైదరాబాద్ ఆడవాళ్ళు కావాలి (ఝాన్సీ రాణి కాదు, మన ఊరి వాళ్ళు)

సైదాబాద్ సుధ
అందరికీ నమస్తే. మా అసోసియేషన్ వాళ్ళు కమ్యూనిటీ హాల్ వెనక గది ఖాళీ చేసి పిల్లల లైబ్రరీకి ఇచ్చారు. ఒక గోడ మొత్తం బోసిగా ఉంది, అక్కడ చరిత్రలో నిలిచిన ఆడవాళ్ళ బొమ్మలు పెట్టి కింద నాలుగేసి లైన్లు రాయిద్దామని మీటింగ్‌లో అనుకున్నాం. ట్రెజరర్ గారు వెంటనే నెట్‌లోంచి ఒక లిస్టు దించేశారు: ఝాన్సీ లక్ష్మీబాయి, మదర్ థెరిసా, మేరీ క్యూరీ, కల్పనా చావ్లా. గొప్పవాళ్ళే, ఎవరు కాదన్నారు, కానీ ఆ బొమ్మలు ప్రతి స్కూల్ వరండాలోనూ ఉంటాయి, పిల్లలు వాటివైపు చూడటం కూడా మానేశారు. అందుకని నేనొక షరతు పెట్టాను. మనిషికి హైదరాబాద్‌తో సంబంధం ఉండాలి, ఆమె చేసిన పని తాలూకు ఏదో ఒకటి ఇవాళ్టికీ ఊళ్ళో ఉండాలి, పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్ళి ఇదిగో ఇదే అని చూపించగలగాలి.

మొదటి పేరు నాదే. మా ఇంటి దగ్గర ఐ.ఎస్. సదన్ చౌరస్తా. రోజూ ఎంతమంది అక్కడ దిగుతారో, ఆ ఐ.ఎస్. అంటే ఏంటని అడిగితే నూటికి తొంభై మంది నోరు తెరుస్తారు. ఇందిరా సేవా సదన్, సంగెం లక్ష్మీబాయి గారు పెట్టిన అనాథ పిల్లల ఆశ్రమం. ఆవిడ 1911లో ఘట్‌కేసర్‌లో పుట్టారు, గుంటూరు వెళ్ళి ఉన్నవ వారి శారదా నికేతనంలో చదువుకున్నారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. 1952లో బాన్సువాడ నుంచి ఎమ్మెల్యే, తర్వాత వికారాబాద్ నుంచి రెండుసార్లు, మెదక్ నుంచి ఒకసారి, వరసగా మూడుసార్లు ఎంపీ. అంత రాజకీయం చేసిన మనిషి పేరు చివరికి ఆశ్రమం వల్ల, అది కూడా రెండు పొడి అక్షరాల చాటున మిగిలింది. ఇంకా తొమ్మిది కావాలి, చెప్పండి.

మత్తుడాక్టరు
డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ. మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసిన పేరు, బయట ఎవరికీ తెలియదు. పార్సీ అమ్మాయి, 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన మొట్టమొదటి ఆడపిల్లల్లో ఒకరు, 1889లో పాసయ్యారు. ప్రపంచంలోనే తొలి మహిళా ఎనస్థటిస్ట్ (ఆపరేషన్‌కి మత్తిచ్చే డాక్టర్) అని ఆవిణ్ణే చెప్పుకుంటాం.

అప్పట్లో ఈ పని ఎలా ఉండేదో కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇప్పటివాళ్ళకి మిషన్లు, మానిటర్లు తప్ప ఊహ అందదు. క్లోరోఫారం సీసా, ఒక గుడ్డ, అంతే. పేషెంట్ ముక్కు దగ్గర గుడ్డ పట్టుకుని దానిమీద ద్రవం వేస్తూ ఊపిరి ఎలా నడుస్తోందో కళ్ళార్పకుండా చూడాలి. కాస్త ఎక్కువైతే మనిషి పోతాడు, తక్కువైతే కత్తి పడ్డ చోట లేచి కూర్చుంటాడు. ఇక్కడి మెడికల్ స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ అనే దొర, క్లోరోఫారం ముందు దెబ్బకొట్టేది ఊపిరినే, గుండెని కాదు, కాబట్టి నాడి వదిలేసి శ్వాస చూడండి అని పట్టుబట్టాడు. దాన్ని తేల్చడానికి 1888, 89లో నిజాం సర్కారు ఖర్చుతో రెండు కమిషన్లు వేశారు, లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తన ప్రతినిధిని కూడా పంపింది, వందల కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఆ ప్రయోగాల్లో రూపాబాయి కూడా పనిచేశారు. గుండె ఆగిపోవడం కూడా ఉంటుందని తర్వాత తేలింది, లారీ వాదన నిలబడలేదు. అయినా శ్వాస మీద కన్నేసి ఉంచడం అన్న అలవాటు ఇవాళ్టికీ మాకు మొదటి పాఠం.

1909లో ఎడిన్‌బరో వెళ్ళి ఇంకా చదువుకొచ్చారు. మీ షరతు ప్రకారం చూపించాలంటే ఆ మెడికల్ స్కూలే ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీ.

కూకట్‌పల్లి కృష్ణ
సుధ గారూ, ప్రయత్నం బాగుంది. కానీ ఇప్పుడే చెప్తున్నా, ఈ లిస్టు తిప్పి తిప్పి బేగంల దగ్గరికే వస్తుంది చూడండి. ఆవిడ ఆస్పత్రి కట్టించింది, ఈవిడ మసీదు కట్టించింది. ఖజానా చేతిలో ఉంటే ఎవరైనా కట్టిస్తారు.

శాలిబండ సలీమ్
కృష్ణ భాయ్, మీరన్నారు కాబట్టి బేగం పేరుతోనే వస్తున్నా. హయాత్ బక్షీ బేగం. మీ హయత్‌నగర్ ఆమె పేరే. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, తర్వాతి సుల్తాన్ భార్య, ఆ తర్వాతి సుల్తాన్ అబ్దుల్లా తల్లి. హయత్‌నగర్‌లో మసీదు, పక్కన ఏనుగుల బావి ఉన్నాయి. కానీ కట్టించినందుకు కాదు నేను చెప్పేది. 1656లో ఔరంగజేబు, అప్పటికింకా షెహజాదా, గోల్కొండని ముట్టడించాడు. కొడుకు అబ్దుల్లా కోటలో ఇరుక్కున్నాడు. అప్పుడు ఈ ముసలి తల్లి కోట దాటి మొఘల్ శిబిరానికి వెళ్ళి కూర్చుని సంధి మాట్లాడింది. నష్టపరిహారం, మనవరాలిని ఔరంగజేబు కొడుక్కి ఇచ్చి పెళ్ళి, ఇవీ షరతులు. రాజ్యం ఇంకో ముప్పై ఏళ్ళు బతికింది. ఏడు సమాధుల దగ్గర సుల్తాన్‌ల గుంబజ్‌లకు సమానంగా నిలబడ్డ ఆడమనిషి గుంబజ్ ఆమెదే, వెళ్ళి చూడండి.

ఖజానా లేని వాళ్ళు కావాలంటే సుగ్రా హుమాయూన్ మీర్జా ఉన్నారు. బురఖా లేకుండా బయటికొచ్చి సభల్లో మాట్లాడినావిడ, ఉర్దూలో ఆడవాళ్ళ పత్రిక నడిపింది, 1934లో ఆడపిల్లలకి సఫ్దరియా స్కూల్ పెట్టింది. ఇవాళ్టికీ ఉంది, మెహదీపట్నం దగ్గర హుమాయూన్‌నగర్‌లో. అన్నట్టు ఆ ఏరియాకి పేరు మాత్రం భర్తది.

పాలకుర్తి పిల్ల
సుధక్కా, కోపం తెచ్చుకోకు గని నీ షరతులనే మెలిక ఉంది. బిల్డింగ్ కట్టినోళ్ళే మిగుల్తరు దాంతోని. భూమి కోసం కొట్లాడినోళ్ళు ఏం బిల్డింగ్ కడ్తరు? చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమి, అందుల పంట విసునూరు దొర మనుషులు కోసుకపోవడానికి వస్తే సంఘం (ఆంధ్ర మహాసభ) వాళ్ళను వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నది. ఆమె మిగిల్చింది ఇటుకలు కాదు. మల్లు స్వరాజ్యం భూస్వాముల ఇంట్ల పుట్టి తుపాకీ పట్టుకున్నది, పట్టిచ్చినోళ్ళకు పదివేల ఇనాం అని సర్కారు ప్రకటించింది, ఆ కాలంల పదివేలంటే సూడు. రాజక్క అని పేరు మార్చుకుని అడవిల తిరిగింది. 2022 మార్చిల హైదరాబాద్‌లనే పోయింది. ఆమెకు ఏ చౌరస్తా ఉంది చెప్పు?

సైదాబాద్ సుధ
చెల్లీ, మెలిక ఉన్న మాట నిజమే. అయితే ఐలమ్మ నా షరతులోకి కూడా వస్తుంది. కోఠి ఉమెన్స్ కాలేజీ ఇప్పుడు విశ్వవిద్యాలయం కదా, దానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. 1924లో మొదలైన కాలేజీ, 1949 నుంచి పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో ఉంది. ఆ తెల్ల స్తంభాల మేడని ఒకప్పుడు కిర్క్‌పాట్రిక్ దొర కట్టించాడు, ఇప్పుడు దాని గేటు మీద పాలకుర్తి రైతు పేరు. నాకైతే ఈ ఊళ్ళో ఇంతకంటే ఇష్టమైన బోర్డు లేదు.

పాలకుర్తి పిల్ల
పేరు పెట్టుడు గవర్నమెంట్ పని, ఐలమ్మ పని కాదు. ఇయ్యాల పెడ్తరు, రేపు ఇంకొకరు వచ్చి మారుస్తరు. నేననేది ఏందంటే, గోడ మీద ఒక బొమ్మ కింద "చూడడానికి ఏమీ లేదు, వినడానికి ఉంది" అని రాయి. 1980లల్ల హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి, తెలంగాణ సాయుధ పోరాటంల ఉన్న ఆడవాళ్ళ పక్కన కూసొని టేపులల్ల రికార్డు చేసుకుని పుస్తకం తెచ్చిండ్రు. అదే లేకపోతే సగం మంది పేర్లు కూడా మనకు తెల్వకపోవు. పుస్తకం తెచ్చి లైబ్రరీల పెట్టు, అదే జాగా.

చిక్కడపల్లి మాస్టారు
నేను రిటైర్డ్ టీచర్ని, కాబట్టి స్కూల్ గురించే చెప్తాను. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల ముందు నుంచి వేలసార్లు వెళ్ళి ఉంటారు. 1928లో పెట్టారు. నిజాం రాజ్యంలో చదువంతా ఉర్దూలో సాగే రోజులు, తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల స్కూలంటే గుర్తింపు ఎవరిస్తారు? అందుకని పూనాలో కర్వే గారి మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పరీక్షలు రాయించారు. నారాయణగూడలో చదివి పూనా పరీక్ష! పేరు మగాయనదే, ఒప్పుకుంటాను, కానీ ఆ స్కూల్‌కి పిల్లల్ని పంపమని ఇంటింటికీ తిరిగే పని ఆడవాళ్ళు లేకుండా జరగలేదు.

ఆ తరంలో నడింపల్లి సుందరమ్మ గారున్నారు, 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటు జరిగిన మొదటి మహిళా సభకి అధ్యక్షురాలు. తర్వాత ఇల్లిందల సరస్వతీదేవి, యల్లాప్రగడ సీతాకుమారి లాంటి వాళ్ళంతా కలిసి ఆంధ్ర యువతీ మండలి పెట్టారు. సరస్వతీదేవి గారికి 1982లో కథల పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగు రచయిత్రుల్లో ఆవిడే మొదలు. ఒక్కరి బొమ్మ వేస్తే మిగతా వాళ్ళకి అన్యాయం. గుంపు బొమ్మ వేయించండి.

అడిక్‌మెట్ అరవింద్
మహ్ లఖా బాయి చందా పేరు ఎవరూ ఎత్తలేదేంటి? 1768–1824. ఉర్దూలో దీవాన్ (కవితల సంపుటి) వెలువరించిన తొలి మహిళ అని పేరు, అందులో 125 గజళ్ళు. గుర్రం మీద నిజాం వెంట యుద్ధానికి కూడా వెళ్ళేది. ఇప్పుడు ఉస్మానియా క్యాంపస్ ఉన్న అడిక్‌మెట్ భూములు అప్పట్లో ఆమె జాగీరు. ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆవరణలో మెట్లబావి కూడా ఆమె పేరు మీదే ఉంది. మౌలాలీ గుట్ట కింద తల్లి సమాధి పక్కనే ఆమె సమాధి, పాడుబడిపోతే పదిహేనేళ్ళ కింద అమెరికా కాన్సులేట్ డబ్బుతో బాగుచేశారు. సుధ గారి షరతుకి ఇంతకంటే సరిపోయే మనిషి లేదు.

నల్లకుంట నాన్న
అరవింద్ గారూ, అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఆవిడ దర్బారులో ఆడిపాడిన మనిషి కదా. పిల్లల లైబ్రరీ అది. రేపు మా అమ్మాయి "తవాయిఫ్ అంటే ఏంటి నాన్నా" అంటే నేనేం చెప్పాలి?

అడిక్‌మెట్ అరవింద్
"పాట, నాట్యం, కవిత్వం నేర్చుకుని దాంతో బతికి, సంపాదించింది ఆడపిల్లల చదువులకీ బావులకీ పెట్టిన మనిషి" అని చెప్పండి. అబద్ధం కూడా కాదు. అదే దర్బారులో ఆమెని పిలిపించుకున్న మగవాళ్ళ పేర్లతో వీధులే ఉన్నాయి, వాటి గురించి ఏ నాన్నా టెన్షన్ పడడు.

నల్లకుంట నాన్న
వీధి వేరు, లైబ్రరీ గోడ వేరు. నా అభిప్రాయం నేను చెప్పాను, అంతే.

వేదిక నిర్వాహకుడు
ఇద్దరి మాటా అందరికీ అర్థమైంది. దీని మీద ఇంకా వాదించుకోవాలంటే కొత్త చర్చ తెరవండి, ఇక్కడ పేర్లే రానివ్వండి. (మధ్యలో వచ్చిన ఆరు వ్యాఖ్యలు తీసేశాను.)

బొల్లారం బిడ్డ
సికింద్రాబాద్ ఒకటుందని ఎవరికీ గుర్తులేనట్టుంది. 🙂 జె. ఈశ్వరీబాయి. చిలకలగూడలో 1918లో పుట్టింది, చిన్న వయసులో పెళ్ళి, పెళ్ళి నిలవలేదు, ఒళ్ళో కూతురు. టీచర్ ఉద్యోగం చేసుకుంటూ ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పింది, బస్తీలో పిల్లలకి బడి పెట్టింది. 1951లో చిలకలగూడ నుంచి మున్సిపాలిటీకి గెలిచింది. తర్వాత అంబేడ్కర్ ఆలోచనతో పుట్టిన రిపబ్లికన్ పార్టీ నుంచి 1967లో, 1972లో ఎల్లారెడ్డి ఎమ్మెల్యే. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందువరసలో ఉంది. సభలో ఎదురుగా ఎవరున్నా మాట మింగేది కాదు. మారేడ్‌పల్లిలో విగ్రహం ఉంది.

ఇంకొకరు టి.ఎన్. సదాలక్ష్మి, మా పెన్షన్‌పురా మనిషి. మాదిగ ఇంట్లో పుట్టి 1960–62లో అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్ అయింది, దేవాదాయ శాఖ మంత్రిగా కూడా చేసింది. దళితుల్ని గడప దాటనివ్వని గుళ్ళు ఇంకా ఉన్న కాలంలో ఆ గుళ్ళ ఫైళ్ళ మీద సంతకం పెట్టింది ఒక దళిత ఆడమనిషి. ఏ స్కూల్ పుస్తకంలోనైనా ఒక పేరా చూపించండి నాకు.

కూకట్‌పల్లి కృష్ణ
ఈ రెండు పేర్లకి నేను లేచి చప్పట్లు కొడతా. ఇలాంటివి కావాలి. ట్యాంక్‌బండ్ మీద 1986లో నిలబెట్టిన విగ్రహాల వరస చూడండి, ముప్పై పైచిలుకు ఉంటాయి, రుద్రమదేవి, మొల్ల తప్ప ఆడవాళ్ళు కనబడరు. అంటే పదిహేనో పదహారో శతాబ్దం తర్వాత తెలుగు నేల మీద చెప్పుకోదగ్గ ఆడది పుట్టనే లేదన్నట్టు.

గోదారి గౌరి
దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని అడక్కుండానే వదిలేశారా? రాజమండ్రిలో పుట్టారు సరే, కానీ విద్యానగర్‌లో ఆస్పత్రి, ఓయూ దగ్గర ఆంధ్ర మహిళా సభ కాలేజీలు ఎక్కడివి? ఎనిమిదేళ్ళకి పెళ్ళి చేస్తే పెద్దయ్యాక నాకీ కాపురం వద్దని చెప్పి బయటికొచ్చారు. 1923 కాకినాడ కాంగ్రెస్ ఎగ్జిబిషన్‌లో వాలంటీరుగా ఉండి టికెట్ లేదని నెహ్రూనే ఆపారు, అప్పటికి పద్నాలుగేళ్ళు. రాజ్యాంగ సభలో ఉన్న 15 మంది ఆడవాళ్ళలో ఒకరు. నాకు అన్నింటికంటే నచ్చేది ఆవిడ పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళ కోసం పెట్టిన చదువు: చిన్నప్పుడు బడి మానేసి, మొగుడు పోయో వదిలేసో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టి రెండేళ్ళలో మెట్రిక్ కట్టించడం. అలా నర్సులు, టీచర్లు అయిన వాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు.

బొల్లారం బిడ్డ
గౌరి గారూ, దుర్గాబాయి గారిని కాదనట్లేదు, కానీ ఆవిడకి ఆస్పత్రి ఉంది, కాలేజీలు ఉన్నాయి, పద్మవిభూషణ్ ఉంది. పదిలో ఒక జాగా అంటే ఇంకొకరికి పోయే జాగా.

గోదారి గౌరి
అలా అంటే సరోజినీ నాయుడుకి కూడా ఇవ్వకూడదు. నేనేమీ ఆంధ్రా కోటా అడగట్లేదండీ.

శాలిబండ సలీమ్
సరోజినీ నాయుడు గారి మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1908 సెప్టెంబర్ 28న మూసీ ముంచెత్తినప్పుడు ఆవిడ, అమీనా హైదరీ బేగం ఇద్దరూ సాయంలో దిగారు. ఇద్దరికీ బ్రిటిష్ సర్కారు ఇచ్చే కైసర్-ఎ-హింద్ పతకాలొచ్చాయి. సరోజినీ గారు జలియన్‌వాలా బాగ్ తర్వాత తనది తిరిగిచ్చేశారు, ఆ సంగతి అందరూ రాస్తారు. అమీనా బేగం చేసిన పని ఎవరూ రాయరు. పర్దాలో ఉన్న ఆడవాళ్ళు వరదలో ఇల్లు కొట్టుకుపోయినా మగ వాలంటీర్ ముందుకొచ్చి అన్నం అడగలేరు. వాళ్ళ దగ్గరికి ఆడమనిషే వెళ్ళాలి. అలాంటి సాయం ఏ విగ్రహంలోనూ పట్టదు.

కోఠి కమల
నిజాం కోడలు నీలోఫర్ పేరు రాలేదు, అందుకని రాస్తున్నా. బేగమే, కృష్ణ గారు క్షమించాలి. దగ్గర పనిచేసే అమ్మాయి పురిట్లో చనిపోతే అది మనసులో పెట్టుకుని ప్రసూతి ఆస్పత్రి కోసం పట్టుబట్టిందని చెబుతారు. రెడ్‌హిల్స్ నీలోఫర్ 1953లో మొదలైంది. మా ఇంట్లో ముగ్గురు పిల్లలు జ్వరాలకీ కామెర్లకీ అక్కడే బతికి బయటపడ్డారు. ఒట్టోమన్ రాజవంశం, పారిస్, చీరలు, అందం, ఇవన్నీ నెట్ నిండా ఉంటాయి. బొమ్మ కింద అవి రాయకండి.

చిక్కడపల్లి మాస్టారు
మీరు చేస్తున్న ఈ పనినే నూట ఇరవై ఏళ్ళ కిందట ఒకావిడ ఒక్కతే చేసింది, ఆవిడ పేరు కూడా పెట్టాలి. భండారు అచ్చమాంబ. ఇంట్లో తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు, సుల్తాన్ బజార్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిన వాళ్ళలో ముఖ్యుడు. ఆవిడ దేశంలోని ఆడవాళ్ళ జీవితాలు వెతికి వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని అచ్చేసింది, అదీ 1901లోనే. ఆడవాళ్ళకి చదువు వస్తే చెడిపోతారు, వాళ్ళకి రాజ్యం చేతకాదు అన్నవాళ్ళకి జవాబుగా పేరు పేరునా చరిత్ర చూపించడమే ఆవిడ పద్ధతి. 1902లో రాసిన 'ధనత్రయోదశి' తెలుగులో తొలి కథల్లో ఒకటి. ముప్పై నిండగానే 1905లో పోయింది. హైదరాబాద్ మనిషి కాదు, ఆ లైబ్రరీ దారిలో తెచ్చుకోండి.

సైదాబాద్ సుధ
మాస్టారూ, అచ్చమాంబకి గోడ మీద కాదు, గది తలుపు మీద జాగా ఇస్తున్నాం. లోపలికొచ్చే ప్రతి పిల్లా చూడాలి.

నిన్న మీటింగ్ అయింది, అందుకే ఆలస్యం. ట్రెజరర్ గారు ఝాన్సీ రాణి ఒక్కటైనా ఉండాలని గంటసేపు కూర్చున్నారు, చివరికి పిల్లలే వద్దన్నారు. ఒప్పుకున్నవి: సంగెం లక్ష్మీబాయి, రూపాబాయి, హయాత్ బక్షీ, సుగ్రా, ఐలమ్మ, ఈశ్వరీబాయి, సదాలక్ష్మి, దుర్గాబాయి, నారాయణగూడ స్కూల్ తరం వాళ్ళ గుంపు బొమ్మ. మల్లు స్వరాజ్యం బొమ్మ ఉండదు, పుస్తకాల అరకి ఆవిడ పేరు, పాలకుర్తి చెల్లి చెప్పినట్టే. అమీనా హైదరీ కథ వరద కథగా రాసి పెడతాం. నీలోఫర్‌కి ఆస్పత్రే ఉంది కదా అన్నారు, కమల గారికి కోపం రావచ్చు. పదోది మహ్ లఖా బాయి. ఓట్లు పెట్టాం, నాలుగు ఓట్ల తేడాతో వచ్చింది.

ఇప్పుడు అసలు ఇబ్బంది బొమ్మలు. సుందరమ్మ గారి ఫోటో ఎక్కడా మంచిది దొరకలేదు. హయాత్ బక్షీకి మొహం ఊహించి వేయించడం నాకిష్టం లేదు, గుంబజ్ బొమ్మే వేయిస్తాను. ఎవరి దగ్గరైనా పాత సావనీర్లు, స్కూల్ వార్షికోత్సవం పుస్తకాలు ఉంటే స్కాన్ చేసి పంపండి.

మత్తుడాక్టరు
రూపాబాయి గారి పాత ఫోటో ఒకటి మా వాళ్ళ పత్రికల్లో వచ్చింది, పంపిస్తా. కింద నాలుగు లైన్లలో "ప్రపంచంలో తొలి" అన్న మాట ఒక్కటే రాసి వదిలేయకండి, గుడ్డ, సీసా, ఊపిరి కూడా రాయండి. పిల్లలకి అదే గుర్తుంటుంది.

నల్లకుంట నాన్న
ఓట్లలో ఓడిపోయాం, సరే. ఆ గజళ్ళలో ఒకటి తెలుగులో అర్థంతో పెట్టండి, ఏం రాసిందో మేమూ చదువుతాం.

శాలిబండ సలీమ్
సుధ గారూ, పిల్లల్ని హయత్‌నగర్ తీసుకెళ్ళేటప్పుడు శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైం తప్పించండి. పొద్దున తొమ్మిదికల్లా చేరితే బావి కూడా ఎండ ఎక్కకముందే చూడొచ్చు. నేనూ వస్తా, గజల్‌కి అర్థం బస్సులో రాసుకుందాం.